రణరంగమున కరుణరసము



యుద్ధమును పాడిన కవులును, వ్రాసిన చరిత్రకారులును, చిత్రించిన శిల్పులును లోకమున ఎందరో కలరు. వారిలో పెక్కుమంది గెలిచినవాని ప్రక్క నిలిచి చూచినవారు. ఓడినవాని ప్రక్క నిలిచినవారు కొందరు. గెలుపుతోను ఓటమితోను ప్రమేయము లేక నడుమ నలిగి నశించినవారి ప్రక్క నిలిచి చూచినవారు మిక్కిలి అరుదు. ఐరోపా ఖండమున పద్దెనిమిదవ శతాబ్ది కడపటి భాగము మొదలు పందొమ్మిదవ శతాబ్ది నడిమి వరకు సాగిన కాలమునకు రొమాంటిక్ యుగమని పేరు. మనవారు దానిని కాల్పనిక యుగమందురు. శాస్త్రనియమముకంటె హృదయావేగమే కళకు ప్రాణమని నమ్మిన యుగమది. ఆ యుగపు చిత్రకారులు కొందరు ఈ మూడవ చూపును చూడ సాహసించిరి. ఇంచుమించు ఆ కాలముననే తెనుగునాట బొబ్బిలికోట కూలిన వృత్తాంతము పాటగను కావ్యముగను రూపొందినది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి, యుద్ధమందలి హింసను, దుఃఖమును కళ ఎట్లు చూపినది, ఎవరి దుఃఖమును చూపినది, ఎవరి దుఃఖమును మరుగుపరచినది అను విషయమును ఈ దినము విచారింతము.

మన ఆలంకారికులు వీరరసమునకు ఉత్సాహమును, కరుణకు శోకమును, భయానకమునకు భయమును, బీభత్సమునకు జుగుప్సను స్థాయిభావములుగా చెప్పిరి. ఒక్క రణభూమియే ఈ నాలుగు రసములకును తావీయగలదు. అందు ఏది అంగి, ఏది అంగము అనునది కవి నిలిచిన చోటును బట్టి యుండును. రథముమీద నిలిచినవానికి వీరము కనబడును. చక్రము క్రింద పడినవానికి కనబడునది వేరు.

చక్రము క్రింద పడినవారిని చూచుట మనకు పాశ్చాత్యులు నేర్పిన విద్య కాదు. పదునెనిమిది దినముల కురుక్షేత్రము ముగిసిన పిదప వ్యాసభట్టారకుడు విజయోత్సవమును వర్ణింపక స్త్రీపర్వమును నడపెను. కోడండ్రు, కూతుండ్రు, ముసలి తల్లులు రణభూమికి వచ్చి తమవారి కళేబరములను వెదకికొందురు. భూరిశ్రవుని భార్య తెగిపడిన మగని చేతిని ఒడిలో నిడుకొని విలపించును. గాంధారి ఆ దృశ్యమునంతను కృష్ణునికి చూపుచు, నీవు ఆపగలిగియు ఆపలేదని నిలదీయును. గెలిచినవారిలోను ఎవ్వరి ముఖమునను సంతోషము లేదు. తిక్కన సోమయాజి ఈ పర్వమును తెనిగించి మన భాషకు శోకనిధిని సమకూర్చెను. భారతమునకు ప్రధానరసము వీరము కాదు, శాంతమని తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుడు నిర్ణయించుటకు ఇట్టి ఘట్టములే ఆధారములు.

అయినను రాజాస్థానములందు పెరిగిన కళ ఈ మార్గమును విశేషముగ అనుసరింపలేదు. అన్నము పెట్టినవాని జయమును పాడుట ఆస్థానకవి ధర్మము. కట్టించినవాని వైభవమును చెక్కుట శిల్పి ధర్మము. మన ఓరుగల్లు కోటలో స్వయంభూదేవాలయమునకు నాలుగు దిక్కుల నిలిచిన రాతితోరణములను చూడుడు. ఆలయము కూలినది; తోరణములు నిలిచినవి. హంసలు, మకరములు, తామరమొగ్గలు వానిమీద చెక్కుచెదరక యున్నవి. 1323వ సంవత్సరమున కోట పడినప్పుడు లోపల చిక్కిన సాలెవాని ఇల్లు ఏమైనదో, కుమ్మరి బిడ్డ ఏమైనదో ఆ తోరణములు చెప్పజాలవు. అవి శోభకొరకు పుట్టినవి.

ఆ దుఃఖము కొంత చెప్పినది రాతి శిల్పము కాదు, రాగిరేకు. ఓరుగల్లు పతనమైన కొలది సంవత్సరములకు ముసునూరి ప్రోలయనాయకుడు ఇచ్చిన విలస తామ్రశాసనము సంస్కృతమున నున్నది. ప్రతాపరుద్రుడు ఢిల్లీకి కొనిపోబడుచు నర్మదాతీరమున మరణించెనని చెప్పి, పిమ్మట దేశము పడిన పాట్లను అది వర్ణించును. దేవాలయములు, అగ్రహారములు చెడుటతోపాటు, కర్షకులు పండించిన పంట వారికి దక్కకపోవుటను, బీదలును కలిగినవారును ఒక్క తీరున చితికిపోవుటను కూడ అది పేర్కొనినది. శత్రువును నిందించి దాతను కొనియాడుటకు పీఠికగా వచ్చిన మాటలే యైనను, సేద్యగాని గోడు శాసనమున కెక్కుట గమనింపదగిన విషయము. ఈ రాగిరేకును జ్ఞాపకమందుంచుకొనుడు. ఐదు వందల ఏండ్ల తరువాత మరియొక దేశమున మరియొకడు రాగిరేకుమీదనే యుద్ధదుఃఖమును చెక్కినాడు. అతని యొద్దకు వచ్చుటకు ముందు ఐరోపా పరిస్థితిని కొంత తెలిసికొనవలయును.

ఫ్రెంచి విప్లవమునకు పూర్వము ఐరోపా రాజులు ఎక్కువగ జీతపు సైనికులతో పోరాడిరి. 1793లో ఫ్రాన్సు దేశము యువకులనందరిని సేనలో చేర్చు శాసనము చేసినది. అంతటినుండి యుద్ధము రాజుల జూదము మాత్రమే కాక ఇంటింటి వ్యవహారమైనది. అదే కాలమున చిత్రకళకు పోషకుడును మారెను. పారిసు నగరమున ‘సలోన్’ అను పేర, లండను నగరమున రాయల్ అకాడమీ వారి యాజమాన్యమున, చిత్రప్రదర్శనములు జరుగుచుండెను. రాజు చూచుటకు వేసిన పటమును కొడుకును పోగొట్టుకొన్న తండ్రియు వచ్చి చూచుచుండెను. ఇట్లు చూచువాడు మారగా చూపవలసినదియు మారినది.

ఈ మార్పునకు మొదటి మెట్టున నిలిచినవాడు ఆంత్వాన్ గ్రో అను ఫ్రెంచి చిత్రకారుడు. 1807 ఫిబ్రవరి 7, 8 తేదీలలో ఐలో అనుచోట నెపోలియనునకును రష్యనులకును మంచులో ఘోరయుద్ధము జరిగెను. మరుసటి ఏడు గ్రో వేసిన పటమున నెపోలియను గుఱ్ఱముమీద నుండి గాయపడినవారిపై దయతో చేయి చాచును. అది ప్రభుత్వము కోరిన భాగము. కాని పటము అడుగుభాగమున, చూచువాని పాదములకు తగులునట్లు, మంచు గడ్డకట్టిన శవములు నిజమైన మనుష్యులకంటె పెద్దవిగా పడియుండును. కన్ను రాజుమీద నిలువదు, శవములమీదికి జారును. అయినను ఇక్కడ కరుణ రాజునకు ఆభరణము. చచ్చినవారు చచ్చినది ఆయన దయాళుత్వము ప్రకాశించుటకే అన్నట్లుండును.

రెండవ మెట్టు ఇంగ్లీషు చిత్రకారుడు టర్నరుది. 1815లో వాటర్లూ యుద్ధమున నెపోలియను ఓడెను. ఇంగ్లాండు దేశమునకు అంతకు మించిన విజయము లేదు. టర్నరు 1817లో ఆ భూమిని చూచి వచ్చి, 1818లో ‘వాటర్లూ క్షేత్రము’ అను పటమును ప్రదర్శించెను. అందు సేనాపతి లేడు, జయపతాక లేదు. రాత్రివేళ, దూరమున ఇల్లు కాలుచుండును, రెండు పక్షముల శవములు ఒకదానిమీద ఒకటి పడియుండును, స్త్రీలు దివిటీలు పట్టుకొని తమవారి ముఖములకొరకు ఆ కుప్పలలో వెదకుచుందురు. స్త్రీపర్వమును ఎరిగిన తెలుగువాడు ఈ పటమును చూచిన, దీనికి వేరు వ్యాఖ్యానము అడుగడు. భారతమును చదివియుండని చిత్రకారుడు అదే భూమికి, అదే వేళకు చేరెను. దుఃఖమునకు దారి ఒక్కటియే.

ఇక రాగిరేకుమీద చెక్కినవాడు స్పెయిను దేశీయుడగు ఫ్రాన్సిస్కో గోయా. 1746లో జన్మించి 1828లో మరణించెను. రాజాస్థాన చిత్రకారుడు. నడివయసున జబ్బుచేసి చెవులు పూర్తిగ వినబడకపోయెను. 1808లో నెపోలియను సేనలు స్పెయినును ఆక్రమించెను. మే 2వ తేదీన మాడ్రిడ్ నగర ప్రజలు తిరుగబడిరి; ఆ రాత్రియు మరునాటి వేకువను ఫ్రెంచివారు పట్టుబడినవారిని వరుసగా నిలిపి కాల్చిరి. ఆరేండ్ల తరువాత, 1814లో, గోయా దానిని పెద్ద పటముగా వేసెను. నేలమీద ఒక పెద్ద లాంతరు. దాని కీవల తుపాకులు చాచిన సైనికుల వరుస. వారి వీపులు తప్ప ముఖములు కానరావు. ఆవల తెల్లచొక్కా తొడిగిన సామాన్యుడొకడు చేతులు రెండును చాచి నిలుచును. అతని ముందు అప్పటికే చచ్చినవారి రక్తము. వెనుక, తమ వంతు వచ్చువారు కన్నులు మూసికొని యుందురు. లాంతరు చంపువారిది, వారు గురి చూచుటకు తెచ్చికొనినది. అది చచ్చువాని ముఖమునే లోకమునకు చూపినది.

ఇంతకంటె గొప్ప కృతి ‘యుద్ధోత్పాతములు’ అను చెక్కుడు బొమ్మల వరుస. రాగిరేకునకు మైనపు పూత పూసి, సూదితో గీత గీసి, ద్రావకమున ముంచినచో గీత పడినచోట లోహము తినబడును. ఆ పల్లములలో సిరా నింపి కాగితముమీద అచ్చొత్తుదురు. రాజనపు పొడి చల్లి ద్రావకము పోసిన నీడలు కూడ వచ్చును. ఈ విధమున గోయా 1810 మొదలు 1820 వరకు ఎనుబదికి పైగా రేకులు చెక్కెను. ఉరిదీయబడినవారు, చెట్టుకొమ్మలకు కట్టబడిన ఛిన్నాంగములు, చెరచబడు స్త్రీలు, 1811–12 నాటి మాడ్రిడ్ కరవులో వీథులలో చచ్చినవారు అందు కలరు. ఒక బొమ్మకు పేరు ‘నేనిది చూచితిని’. మరియొక బొమ్మలో మోకరిల్లి ప్రార్థించు స్త్రీపురుషులమీదికి అంచునుండి తుపాకి బాకుల కొనలు మాత్రము చొచ్చుకొనివచ్చును. చంపువాడు పటములో లేనే లేడు. దానికి పేరు ‘చూడజాలము’.

ఈ వరుసలో ముఖ్యముగ గుర్తింపవలసిన గుణమొకటి కలదు. గోయా తన దేశమును ప్రేమించినవాడు. శత్రువుల క్రౌర్యమును దాచలేదు. కాని తనవారి క్రౌర్యమును కూడ దాచలేదు. ఒక రేకులో స్పెయిను రైతు గొడ్డలి ఎత్తి క్రిందపడిన సైనికుని నరుకుచుండును. మరియొక రేకులో మూక ఒకనిని ఈడ్చి హింసించుచుండును. బిడ్డను చంకబెట్టుకొని ఈటెతో సైనికుని పొడుచు తల్లిని చిత్రించి, ఆమె శౌర్యమును పొగడక, వీరును మృగములైరని అర్థమిచ్చు పేరు పెట్టెను. ఆమె చేసినది అధర్మమని ఆయన భావము కాదు. యుద్ధము ఆమెను ఏమి చేసినదో చూడుడని భావము. ఇట్టి బొమ్మలు ఏ ప్రభువునకును ప్రియములు కావు. అవి గోయా జీవితకాలమున ప్రకటింపబడలేదు. ఆయన మరణించిన 35 సంవత్సరములకు, 1863లో, వెలుగు చూచినవి.

ఫ్రాన్సు దేశమున దెలక్రువా 1824లో కియోస్ ద్వీపమందలి మారణకాండను పెద్దపటముగా ప్రదర్శించెను. అది 1822లో తురుష్క ప్రభుత్వము గ్రీకుల తిరుగుబాటును అణచుటలో జరిగినది. చచ్చిన తల్లి రొమ్మున పాలకై తడుముకొను పసివాడు, ఆకాశమువంక చూచు ముసలిది, గుఱ్ఱమునకు కట్టి లాగబడు కన్య అందు కలరు. వీరుడన్నవాడు లేడు. ఇది చిత్రకళకే మారణకాండ యని ఆక్షేపించినవాడు ఐలో శవములను చిత్రించిన గ్రోయే యని చెప్పుదురు. తాను తెరచిన తలుపున మరియొకడు ఇంకను లోనికి పోగా ఆయన సహింపలేకపోయెను.

ఇంతవరకు చెప్పిన దానినిబట్టి ఆ యుగపు చిత్రకారులందరు దయామూర్తులని తలపరాదు. ఆ దయకు ఎల్లలుండెను. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడి టిపూసుల్తాను హతుడయ్యెను. మరుసటి ఏడే లండనులో రాబర్టు కెర్ పోర్టరు అను యువకుడు ఆ ముట్టడిని వంద అడుగులకు మించిన పొడవుగల పటముగా చిత్రింపగా జనులు వెలయిచ్చి వినోదముగా చూచిరి. 1839లో డేవిడ్ విల్కీ అను చిత్రకారుడు, సేనాని బేర్డు టిపూ శవమును కనుగొను ఘట్టమును వేసెను. అదియు రాత్రియే, అందును దీపమున్నది, శవములున్నవి. కాని నడుమ ఎత్తున నిలిచినవాడు జయించిన సేనాని. ఆ పటమును వేయించినది ఆయన భార్య. టర్నరు పటమున దివిటీ వెదకువారి చేత నున్నది. విల్కీ పటమున దీపము వెదకి కనుగొనినవాని కీర్తికొరకున్నది. శ్రీరంగపట్టణపు తల్లులు ఆ వెలుగులోనికి రాలేదు.

ఇప్పుడు మన ఇంటికి వత్తము. బొబ్బిలి యుద్ధము 1757 జనవరి 24వ తేదీన జరిగినది. ఉత్తర సర్కారులు అప్పుడు నిజాము ఇచ్చిన సనదువలన ఫ్రెంచివారి వశమున నుండెను. వారి సేనాని బుస్సీ కప్పము రాబట్టుటకు ఉత్తరమునకు వచ్చెను. విజయనగర ప్రభువు పెద విజయరామరాజునకును బొబ్బిలి ప్రభువు రంగారాయనికిని పాత పగలుండెను. విజయరామరాజు బుస్సీ ఫిరంగులను తనకు తోడు తెచ్చుకొనెను. మట్టికోట ఫిరంగులముందు నిలువలేదు. లోపలివారు దినమంతయు పోరాడి ఇంచుమించు అందరును నిహతులైరి. మూడవ రాత్రి తాండ్ర పాపయ్య విజయరామరాజు గుడారమున జొరబడి అతనిని పొడిచి చంపి తానును మడిసెను.

ఈ కథ మూడు రూపములలో మనకు దక్కినది. ఒకటి జంగములు, తందాన కథకులు ఊరూర పాడిన పాట. పెద్దాడ మల్లేశము అను కవి పేర ప్రసిద్ధము. రెండవది పద్దెనిమిదవ శతాబ్ది కడపట దిట్టకవి నారాయణకవి రచించిన రంగారాయచరిత్రము అను పద్యకావ్యము. మూడవది ఇంగ్లీషువారి కంపెనీ కొలువున మదరాసులో నుండిన రాబర్టు ఓర్మ్ 1778లో ప్రకటించిన సంపుటమందలి వృత్తాంతము. బొబ్బిలి కథను పాడినవాడును, పద్యము చేసినవాడును, ఇంగ్లీషున వ్రాసినవాడును ఒక్క సంగతివద్ద తడబడక తప్పలేదు. అది కోట లోపలి ఇండ్ల సంగతి.

ఓర్మ్ చెప్పినదాని సారమిది. కోట ఇక నిలువదని తెలిసినప్పుడు రంగారాయడు తనవారిని సమకూర్చి, ఆలుబిడ్డలు శత్రువుల చేత పడి అవమానము పొందరాదని చెప్పెను. వారు కొఱవులు, ఆయుధములు పట్టుకొని తమ తమ ఇండ్లకు పోయి నిప్పంటించిరి. మంటలనుండి బయటికి పరుగెత్తి వచ్చినవారిని తామే పొడిచిరి. పిదప మరలి వచ్చి పోరాడి మరణించిరి. కోట చొచ్చిన విజేతలు సైతము లోపలి దృశ్యమును చూచి దిగ్భ్రాంతులైరి.

పాట ఈ ఘట్టమును వదలలేదు. మల్లమ్మదేవి దుఃస్వప్నములను, ఆమె భయమును, ఎడబాటును పాడినది. వినువారు కంటతడి పెట్టకుండ ఆ భాగము గడువదు. ఇది సామాన్యమైన విషయము కాదు. ఆస్థానమున పుట్టిన ప్రశస్తి చేయని పనిని వీథిలో పుట్టిన పాట చేసినది. కారణము స్పష్టము. ఆ కథకుడు తంబుర భుజమున వేసికొని ఊరూర తిరుగువాడు. అతనికి చేటెడు బియ్యము పెట్టునది పల్లెటూరి ఇల్లాలు. ఆమె వినగోరినది ఫిరంగుల లెక్క కాదు, లోపలి ఆడుదాని గుండె. పారిసులో ప్రదర్శనశాలకు వచ్చిన జనులు చిత్రకారుని మార్చినట్లే, రచ్చకట్టవద్ద కూర్చున్న జనులు మన కథకుని మార్చిరి.

కాని గోయా చేసిన ఒక్క పనిని మన కథకుడు చేయలేదు. ఆ స్త్రీలను చంపిన చేతులు ఎవరివో అతనికి తెలియును. తెలిసియు ఆ చేతులకు గంధము పూసెను. మంటలు అగ్నిప్రవేశమైనవి. పొడిచిన కత్తులు మానసంరక్షణములైనవి. శోకము పుట్టిన మరుక్షణమున దానిని వీరమునకు అంగముగా చేసి, పాపయ్య పగ తీర్చుటతో కథకు ఫలశ్రుతి చెప్పెను. కావ్యమును నాటకమును ఇదే దారి. 1964లో వచ్చిన చలనచిత్రమును చూచినవారును వీరుల రోషమునే కన్నులలో నింపుకొని ఇంటికి పోయిరి.

నేను బొబ్బిలి వీరులను తక్కువ చేయువాడను కాను. ఆ దినమున ప్రాణములకు తెగించి పోరాడినవారు వీరులే. ఆనాటి మర్యాదలు వేరు, శత్రువుచేత చిక్కిన స్త్రీల గతి వేరు. వారు ఏ భయముచే ఆ పని చేసిరో ఊహింపగలము. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. మంటలలోనుండి బయటికి పరుగెత్తిన స్త్రీ మానముకొరకు పరుగెత్తెనా, ప్రాణముకొరకు పరుగెత్తెనా? ఆమె చంకనున్న బిడ్డకు మాన మననేమి? ఆమెను ఎవ్వరును అడుగలేదు. పాటయు అడుగలేదు. ఓర్మ్ గ్రంథమున ఆమెకు ఒక్క వాక్యము దక్కినది. మన కథలలో ఆమెకు పరుగెత్తుటకు కూడ అనుజ్ఞ లేదు.

అదే వృత్తాంతమున ఓర్మ్ మరియొక సంగతిని చెప్పెను. కోట పడిన పిదప శవముల నడుమనుండి ఒక వృద్ధుడు ఒక బాలుని చేయి పట్టుకొని వచ్చి ఫ్రెంచి దొరకు అప్పగించెను. వాడు రంగారాయని కుమారుడనియు, తండ్రి ఇష్టమునకు విరుద్ధముగ తాను వానిని కాపాడితిననియు చెప్పెను. ఆ బాలుడే చినరంగారావు. బొబ్బిలి వంశము అతనివలన నిలిచి, తరువాత ఆ సంస్థానమును మరల పొందినది. కొఱవి పట్టినవారి పేర్లు కీర్తింపబడినవి. ప్రభువు ఆజ్ఞను మీరి ఒక ప్రాణమును నిలిపిన ఆ ముసలివాడు ఓర్మ్ గ్రంథమున పేరు లేని వృద్ధుడు మాత్రమే. ఆ దినమున కోటలో అందరికంటె కష్టమైన ధైర్యమును చూపినవాడు అతడే యని నా యభిప్రాయము.

బొబ్బిలి మనకు దూరము. ఓరుగల్లువారి కథయే ఒకటి చెప్పి ముగింతును. గౌడ కులమున పుట్టిన సర్వాయి పాపడు మొగలుల ఏలుబడిలో తిరుగబడి, నేటి జనగామ ప్రాంతమందలి షాపురమున కోట కట్టెను. 1708వ సంవత్సరమున మొహర్రము దినములలో, కావలివారు ఏమరియుండగా, అతని బలగము ఓరుగల్లు గోడలెక్కి నగరమును దోచెను. 1710లో అతడు చంపబడెను. ఇతనిని గూర్చియు రెండు సాక్ష్యములున్నవి. ఖాఫీఖాను పారసీ చరిత్రము అతనిని దొంగ యనును. చెరపట్టబడిన వేలాది స్త్రీలను, పిల్లలను మాత్రము మరువలేదు. 1874లో బోయిల్ దొర ప్రకటించిన తెనుగు పాట అతనిని గోలకొండనే కొట్టదలచిన మగవానిగా పాడినది. కులవృత్తి విడువవలదని వేడుకొనిన తల్లి గొంతును అందు వినగలము. చెరపట్టబడిన ఓరుగల్లు తల్లుల గొంతు వినబడదు.

పాపడు అణగినవారి పక్షమున లేచినవాడని నేడు అతనిని గౌరవించుచున్నారు. ఆ గౌరవమునకు కారణములు కలవు; దొంగ యని త్రోసివేయుట న్యాయము కాదు. కాని వీరుని నిలుపుటకు బందీలను మరువవలసిన పనిలేదు. బందీలను తలచుటకు వీరుని దూషింపవలసిన పనియు లేదు. గోయా స్పెయినును ప్రేమించుచునే స్పెయిను గొడ్డలిని చిత్రించెను గదా. సత్యమునకు రెండు కన్నులు. ఒక కన్ను మూసికొనినచో దూరము తెలియదు.

ఇంతకును చెప్పదలచినది స్వల్పము. యుద్ధదుఃఖమును చూపుటలో కళకు మూడు దశలు కానవచ్చుచున్నవి. దుఃఖమును గెలిచినవాని దయకు అలంకారముగా చూపుట మొదటిది. తనవారి దుఃఖమును మాత్రమే చూపి పగకు పురికొల్పుట రెండవది. ఎవరు గెలిచినను, ఎవరి చేతితో చచ్చినను, చచ్చినవాని ముఖమును చూపుట మూడవది. వ్యాసుడు ఈ మూడవ దశను ఏనాడో చేరెను. టర్నరు ఒక రాత్రి చేరెను. గోయా పదేండ్లపాటు రాగిరేకులమీద వంగి చేరెను. బొబ్బిలి పాట పాడిన అజ్ఞాతగాయకులు ద్వారము దాక వచ్చిరి.

లోనికి పోవలసిన పని మనకు మిగిలినది. పాఠశాలలలో పిల్లలు 1757 అను సంవత్సరమును, రంగారాయడు, పాపయ్య, బుస్సీ అను పేర్లను వల్లించుచున్నారు. వల్లింపనిండు. ఆ పేర్లతోపాటు బిడ్డ చేయి పట్టుకొని వచ్చిన ముసలివానిని కూడ వారికి చెప్పుడు. మంటలనుండి బయటికి పరుగెత్తిన తల్లిని కూడ చెప్పుడు. కథ చెప్పువారలారా, ఆ పరుగును ఒక్క చరణమైనను పాడుడు. దానివలన వీరుల కీర్తికి కొరత కలుగదు. రేపు ఎవడైనను ఏదో మానము పేర, ఏదో పగ పేర కొఱవి చేతికిచ్చినపుడు, మన బిడ్డ ఒక్క నిమిషము ఆగి ఆలోచించును. పాట చేయగలిగిన మేలు అంతకంటె లేదు.